నిలిపి తీసిన కొలతలు

నోటిమాటను నేను నమ్మను. అందుకే, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జర్ ఉన్న నా పాత కారుకు ఆయిలు కారిన ప్రతిసారీ, వర్క్‌షాపువారు సీలు మార్చిన ప్రతిసారీ తేదీ వేసి రాసి పెట్టాను. గాలి లీకు కోసం పొగ పట్టించి చూసి, లోపమేమీ లేదని వారు చేతులు దులుపుకుంటూ వచ్చారు. చివరికి ఆయిలందక ఇంజను బేరింగులు కాలిపోయాయి, ఇక తుక్కే అన్నారు. ఆ రోజు వర్క్‌షాపు ఉన్న అడాజన్‌లో సిటీబస్సెక్కి, మండిపడుతూ ఆ నోటుపుస్తకం తెరిచాను.

పక్క సీటులోని మనిషి తొంగి చూశాడు. మిల్లులో కంప్రెసర్లు చూస్తాడట.

"పెద్దసారూ, ఇవన్ని బండి నిలవెట్టి సూసినయే గదా?"

"అవును."

"నిలవడ్డప్పుడు ఇంజను తన లోపలి ఆవిరిని ఒక పైపుతోని తనే గుంజుకుంటది. అంతా మంచిగనే కనవడ్తది. జోరుగ తోల్తే సూపర్‌చార్జర్ గాలి ఎనుకకు మర్లకుండ ఆ పైపుల చిన్న వాల్వు ఉంటది. గది ఖరాబైతే గాలి ఇంజను కడుపులకు జొచ్చి ఆయిలును బయటికి నూకుతది. ఎన్ని సీళ్లు మార్చినా గంతే."

పుస్తకమంతా తిరగేశాను. పరుగులో తీసిన కొలత ఒక్కటీ లేదు.

తన మిల్లు ఉన్న బమ్రోలి స్టాపులో అతడు లేచాడు. రెండడుగులు వేసి, కడ్డీ పట్టుకుని ఆయాసంతో ఆగిపోయాడు.

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"మిల్లు డాక్టరు సూసిండు సారూ. కూసోవెట్టి సూసిండు. మంచిగనే ఉన్నవని రాసిచ్చిండు. గందుకే మెట్లెక్కి పోయే మూడో అంతస్తు డ్యూటీ తప్పలే."

ఆ మాటను తేదీ వేసి రాసుకున్నాను. ఎవరికి చూపించాలో ఇప్పటికీ తెలియదు.