లేబులు లేని సరుకు

ఇప్పుడు కూపన్లన్నీ ఫోనులోకి వచ్చేశాయి. కౌంటరు దగ్గర తెర చూపిస్తే చాలు, తగ్గింపు దానంతటదే పడిపోతుంది. సులువే, కాదనను. కానీ నాకు మాత్రం కూపన్ అనగానే గుర్తొచ్చేది కాగితమే. బుధవారం పొద్దున బకాలా గుమ్మంలో, అంటే మేముండే కార్మికుల క్యాంపు పక్కనున్న చిన్న కిరాణా కొట్టు గుమ్మంలో, పెద్ద సూపర్ మార్కెట్ వాళ్లు పడేసి పోయే రంగురంగుల కరపత్రం. దాని చివరి పేజీలో చుక్కల గీతల మధ్య నాలుగో ఐదో కూపన్లు ఉండేవి. ఆ చుక్కల వెంట కత్తెర నడపడం నా పని.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల డెయిరీలో నేను కోల్డ్ స్టోరేజీ మెకానిక్‌ని. అప్పట్లో ఒకే వంటగదిని ముగ్గురం వాడుకునేవాళ్లం. నేను, మా జిల్లా నుంచే వచ్చిన ఒక మేస్త్రీ, కడప నుంచి వచ్చిన కంపెనీ బస్సు డ్రైవరు. మేస్త్రీ వయసులో పెద్ద, అందరం కాకా అనేవాళ్లం. డ్రైవరును భాయ్ అనేవాళ్లం.

కాకా మెడలో తులసిమాల ఉండేది. మహారాష్ట్ర సరిహద్దున మా ఊళ్ల వైపు ఇది ఉన్నదే. పండరిపురం వెళ్లి గురువు చేతుల మీదుగా మాల వేయించుకున్నవాళ్లు మాంసం, చేప, గుడ్డు, మందు ముట్టరు. తెలిసి తిన్నా తెలియక తిన్నా మాల తీసేయాల్సిందే. మళ్లీ పండరిపురం వెళ్లి వేయించుకోవాల్సిందే. కాకా మాలను చొక్కా లోపల ఎవరికీ కనపడకుండా దాచుకుని, ఈ దేశంలో ఇన్నేళ్లూ పప్పు, పెరుగు, రొట్టెలతో నెగ్గుకొచ్చాడు. వంటగదిలో ఆయన గిన్నెలకూ గరిటెకూ పిడి దగ్గర ఎర్రదారం కట్టి ఉండేది. గిన్నెలు తోమే పీచు కూడా వేరే. భాయ్ మటన్ వండినా, నేను కోడి వండినా, ఎర్రదారం ఉన్న గిన్నెల జోలికి ఎవరమూ పోయేవాళ్లం కాదు.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. మిగతా చదువంతా మా మండలం శాఖా గ్రంథాలయంలోనూ, సెలవుకు వెళ్లినప్పుడల్లా జిల్లా గ్రంథాలయంలోనూ చదువుకున్నదే. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. అరబ్బీ అక్షరాలు షాపు బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గులేదు, పైగా గర్వమే. అందువల్ల గదిలో ప్యాకెట్ల మీద అక్షరాలు చదివే అధికారం నాదయింది. కాకాకు చదువు రాదు. ఏ ప్యాకెట్టు కొన్నా ముందు నా చేతికి ఇచ్చేవాడు. నేను వెనకవైపు సన్నటి అక్షరాలు ఒక్కొక్కటే చదివి, తినొచ్చు అంటే తినేవాడు, వద్దంటే పక్కన పెట్టేవాడు. మళ్లీ అడిగేవాడు కాదు.

కొన్ని అమెరికా ప్యాకెట్ల మీద ఒక మూలన చిన్న వలయం, అందులో ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ‘పారేవ్’ అనే మాట కనిపించేవి. అదేమిటో ఇక్కడ ఎవరినడిగినా చెప్పలేకపోయారు. సెలవులో జిల్లా గ్రంథాలయానికి వెళ్లి వెతికితే, మతాలవారీగా తిండి నియమాల గురించి రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో దొరికింది. యూదుల ఇళ్లలో కోషర్ అని ఒక పద్ధతి ఉందట. మాంసం వండిన గిన్నెలో పాలు కాయరు, పాలగిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. చదువుతుంటే నాకు మా కాకా ఎర్రదారమే కళ్ల ముందు కదిలింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ఇళ్లలో ఆడవాళ్లు కూడా ఇలాగే గిన్నెలు ఏరి పెట్టుకుంటున్నారన్నమాట. పారేవ్ అంటే అందులో మాంసమూ లేదు, పాలూ లేవు. ఆ వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుని వచ్చాను.

అప్పటినుంచి నా పని తేలికైపోయింది. సన్నటి అక్షరాలన్నీ చదవడం మానేసి వలయం ఉందా లేదా అని చూసేవాణ్ణి. ఉంటే కాకా సంచిలోకి. నిఘంటువుతో పని లేదు, వెనక అంటించే అరబ్బీ చీటీతో పని లేదు. ఈ రహస్యం ఈ ఊళ్లో నాకొక్కడికే తెలుసని ఛాతీ కొంచెం పొంగింది కూడా.

శుక్రవారం సాయంత్రాలు భాయ్ తన పాత కారులో మమ్మల్ని సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్లేవాడు. ఒక బిల్లుకు ఒకే కూపన్ అని నియమం. అందుకని ముగ్గురం మూడు వరసల్లో నిలబడేవాళ్లం. కాకా చేతిలో కూపన్, దాని మీది బొమ్మ, బండిలో అదే బొమ్మ ఉన్న డబ్బా. రెండూ పోల్చి చూసుకుంటూ పరీక్ష హాల్లో పిల్లవాడిలా నిలబడేవాడు. భాయ్ ఎగతాళి ఆగేది కాదు. మనం సరుకులకు పోతాండామా, సినిమా టిక్కెట్లకు పోతాండామా అనేవాడు. అయినా తన వరస తప్పేవాడు కాదు. బియ్యం, నూనె, టీపొడి, పప్పు డబ్బాలు, ఏవి కూపన్‌లో వస్తే ఆ వారం వంట అదే. శనగల కూపన్ వచ్చిన వారం ఏడు రోజులూ శనగలే తిన్నాం. ఇంటికి తిరిగొచ్చాక బిల్లులు పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎక్కువ తగ్గిందో చూసుకుని, గెలిచినవాడికి మిగతావాళ్లు టీ కాచి ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో అంతకు మించిన ఆట మాకు లేదు, దాని అవసరమూ తోచలేదు.

రంజాన్ ముందు వచ్చే కరపత్రం పుస్తకమంత మందంగా ఉండేది. ఆ ఏడు అందులో ఒక అమెరికా బిస్కెట్ల కూపన్ వచ్చింది, ఒక పెట్టె కొంటే ఒక పెట్టె ఊరికే. అల్లం వాసన వేసే మెత్తటి బిస్కెట్లు. మూలన వలయం, పక్కన పారేవ్. ముగ్గురం మూడు బిల్లులు వేయించి ఆరు పెట్టెలు తెచ్చాం. కాకాకు అవి ప్రాణమైపోయాయి. పొద్దున పనికి పోయే ముందు సులేమానీలో, పాలు లేని టీలో, ఒకటి ముంచుకుని కళ్లు మూసుకుని తినేవాడు. గల్ఫుకొచ్చిన ఇన్నేళ్లలో బయటి మిఠాయి ఇంత నిశ్చింతగా తినడం ఇదే మొదలని ఇంటికి ఫోను చేసి చెప్పాడు. సదువుకున్న పిలగాడు తోడుంటె ఏ దేశమైనా ఒకటే అని కూడా అన్నాడు. నేను వినబడనట్టు నటించాను కానీ ఆ మాట చాలా రోజులు నాతో ఉంది.

పండగ వెళ్లిన తర్వాత ఒకరోజు డెయిరీ గేటు దగ్గర షిఫ్టు మారేదాకా భాయ్ బస్సులో కూర్చున్నాం. నా సంచిలో ఉన్న బిస్కెట్ల ప్యాకెట్టు తీసి ఇచ్చాను. భాయ్ చిన్నప్పుడు మదరసాలో చదివాడు, అరబ్బీ అక్షరాలు నాకన్నా వేగంగా చదువుతాడు. నములుతూ, ఊరికే పొద్దుపోవడానికి, వెనక అంటించిన అరబ్బీ చీటీని పైకి చదవడం మొదలుపెట్టాడు. పిండి, చక్కెర, నూనె అంటూ వచ్చి, ఒక మాట దగ్గర ఆగి నా వైపు చూశాడు. బైద్. బకాలాలో గుడ్ల అట్టల మీద రోజూ చూసే మాటే అది.

నేను ఒప్పుకోలేదు. వలయం ఉంది కదా అన్నాను. వలయం సంగతి తనకు తెలియదనీ, రాసింది మాత్రం అదేననీ భాయ్ అన్నాడు. గదికి వచ్చి ఆ చీటీని వేడినీళ్లతో నానబెట్టి గోటితో గీకాను. కింద ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది, ఎండబెట్టిన గుడ్డు పొడి అని. నోటుబుక్కు తీశాను. మాంసమూ లేదు, పాలూ లేవు. గుడ్డు లేదని నేనెక్కడా రాసుకోలేదు. తర్వాతి సెలవులో వెళ్లి చూస్తే ఆ పుస్తకంలో మరుసటి పేజీలోనే ఉంది, కోషర్ లెక్కలో గుడ్డూ చేపా పారేవ్ కిందికే వస్తాయని. నాకు కావలసిన వాక్యం దొరకగానే పుస్తకం మూసేశానన్నమాట.

ఆ రోజు భాయ్ నా వెంటే గదికి వచ్చాడు. కాకా బయట కుళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు.

“చెప్పాకుబ్బా,” అన్నాడు భాయ్ మెల్లగా. “తెలీక తిన్నేదానికి దేవుడు లెక్క రాయడు. మాలోనూ అంతే. నువ్వు చెప్తే ఆ పెద్దాయన మెడ బోసిపోతాది. మిగిలిన పెట్టెలు నేను తీసకపోతా, అయిపోయినాయని చెప్పు.”

అతను చెప్పింది మంచిమనసుతోనే. ఒక పూటంతా నేనూ అదే అనుకున్నాను. కాకా ఆషాఢంలో సెలవు మీద వెళ్లి, మాలధారులతో కలిసి పండరిపురం దాకా కాలినడకన పోవాలని అనుకుంటున్నాడు. మూడు నెలలకు పైగా ఉంది. చెప్పకపోతే ఆ మాలతోనే నడుస్తాడు, ఏమీ జరగదు. కానీ మర్నాడు పొద్దున ఆయన టీ గ్లాసు పట్టుకుని, అలవాటుగా పెట్టె కోసం అటక మీద తడుముతుంటే నాకు నోరు ఆగలేదు.

“కాకా, అండ్ల గుడ్డున్నది,” అన్నాను.

ఆయన చెయ్యి అటక మీదే ఉండిపోయింది. “ఎప్పటి సంది తింటున్న నేను?”

“రంజాన్ కంటె ముందటి సంది.”

“భాయ్‌కి ఎర్కేనా?”

“ఎర్కే. చెప్పద్దన్నడు.”

“మరెందుకు చెప్పినవ్?”

కాకా గ్లాసు కింద పెట్టి, మంచం మీద కూర్చున్నాడు. “నాకు సదువస్తె నిన్ను అడుగుదునా బిడ్డా. నీ నోటి మాట మీద తిన్న గద.”

తిట్టలేదు. తిడితే బాగుండేది. చొక్కా లోపలి నుంచి మాల తీసి, కళ్లకద్దుకుని, ఉతికిన రుమాలులో చుట్టి, ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, కాగితాలు పెట్టుకునే రేకు డబ్బాలో పెట్టాడు. ఎండకు నల్లబడిన మెడ మీద మాల ఉన్న మేర తెల్లటి గీత మిగిలింది. ఆ గీతకు ఎదురుగా కూర్చుని తిండి తినడం నాకు చేతనయ్యేది కాదు.

ఆ రోజు నుంచి కాకా తన వంట తానే వండుకున్నాడు. అంతకుముందు పప్పూ కూరా నేను వండితే ఎర్రదారం గిన్నెలో వేసుకునేవాడు. ఇప్పుడు పిలిస్తే, కడుపు నిండింది బిడ్డా అనేవాడు. శుక్రవారం మార్కెట్‌కు మాత్రం వచ్చేవాడు. మూడో వరసలో నిలబడి మా సరుకులకు కూపన్ ఇచ్చేవాడు. తనకోసం మాత్రం బెండకాయలు, టమాటాలు, బస్తాలోంచి తూచి ఇచ్చే కందిపప్పు, రాళ్ల ఉప్పు తీసుకునేవాడు. లేబులు ఉన్న వస్తువేదీ ముట్టేవాడు కాదు. లేబులు లేని సరుకుకు కూపన్లు రావు. భాయ్ ఆట పట్టించడం మానేశాడు. ఇంటికొచ్చి బిల్లులు పోల్చుకోవడమూ ఆగిపోయింది.

ఆ ఆషాఢంలో కాకా పండరిపురం నడిచి మాల తిరిగి వేయించుకుని వచ్చాడని ముందే చెప్పేస్తాను. అది ఆయనకూ పాండురంగడికీ మధ్య సంగతి. నాకూ ఆయనకూ మధ్య సంగతి దానికి వారం ముందు తేలింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను అన్నం, దోసకాయ పప్పు వండి పెట్టి కూర్చున్నాను. కాకా ఒక మిఠాయి ప్యాకెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. కూపన్‌లో వచ్చింది కాదు, నిండు ధరకు కొన్నాడు. తనతో నడిచే మాలధారులకు పంచడానికి ఇలాంటివి పది తీసుకెళ్లాలనుకుంటున్నానని అన్నాడు.

“సదువు. మొత్తం సదువు.”

వలయం ఉందేమోనని నా కళ్లు మూలకు పోబోతే లాక్కున్నాను. మొదటి మాట నుంచి మొదలుపెట్టాను. చక్కెర, జీడిపప్పు, పాలపొడి. తెలియని చోట నిఘంటువు తీశాను. కాకా తొందరపెట్టలేదు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా పెదవులవైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఒక అక్షరం, దాని పక్కన మూడంకెల సంఖ్య దగ్గరికి వచ్చాను. ఆ గుర్తు రంగుదో, బంకదో, దాన్ని దేన్నుంచి తీస్తారో నిఘంటువులో లేదు. ఒకప్పటి నేనైతే జీడిపప్పు మిఠాయే కదా అని ఊహించి చెప్పేసేవాణ్ణి. ఆ ఊహ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“ఇది నాకు తెల్వది కాకా,” అన్నాను.

“తెల్వదా?”

“తెల్వది. ఏ పుస్తకంల సదువలే.”

కాకా ప్యాకెట్టు తీసి, అటక మీద భాయ్ సామాను ఉండే వైపు పెట్టేశాడు. మాలధారులకు ఇంటి దగ్గర అటుకులే కొంటానన్నాడు. ఎర్రదారం గిన్నె కడుక్కుని వచ్చి, నా కుండ మూత తీసి, అన్నం పెట్టుకుని, పప్పు పోసుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు.

“ఉప్పు తక్కువేసినవ్,” అన్నాడు.

నేను లేచి ఉప్పు తెచ్చాను.