మా ఇంటి పప్పులో బెల్లం

ఈ రోజు నన్ను మా ఇంట్లోవాళ్లే మోసం చేశారు. కోపంగానే రాస్తున్నాను.

మేముండే సూరత్ పక్కన పల్సానాలో మగ్గాలు చూసుకోవడానికి సిరిసిల్ల నుంచి మా తమ్ముడు వచ్చాడు. పొద్దున్నే లేచి, కుక్కర్లో ఉప్పు పోసి వాడి కోసం నాన్‌ఖటాయి బిస్కెట్లు కాల్చాను. చాయ్‌తో నాలుగు తిన్నాడు. మధ్యాహ్నం అన్నంలోకి అమ్మ చేసినట్టే మామూలు పప్పు చేశాను.

మొదటి ముద్దకే వాడి చెయ్యి ఆగిపోయింది.

"ఏందక్కా, నీ బిస్కెట్ల కన్నా పప్పే తియ్యగుంది."

పులుపు విరగడానికి చిటికెడు బెల్లం వేశానన్నాను. సూరత్ వచ్చిన కొత్తలో ఇక్కడి పప్పు తియ్యగా ఉందని కంచం పక్కకు నెట్టిన మనిషిని నేను. సాక్ష్యం కోసం మా ఆయన వైపు చూశాను. ఆయన తలెత్తకుండా మామిడికాయ తొక్కు కలుపుకుంటున్నాడు.

"మన పాప పుట్టినప్పటి సంది గిట్లనే ఉంటది. అందుకే రోజూ తొక్కు ఏసుకుంట."

"మరి ఇన్నేండ్లు నాకెందుకు జెప్పలే?"

"నీకు ఎరుకే అనుకున్న."

తొక్కంటే ఆయనకు ప్రాణమనుకుని నేను ఏటా రెండు జాడీలు పెడుతున్నాను.

సాయంత్రం పంతం పట్టి బెల్లం లేకుండా పప్పు చేశాను. తమ్ముడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. మా ఆయన తొక్కు ముట్టలేదు. నేను మాత్రం ఒక ముద్ద తిని, ఎవరూ చూడకుండా కంచంలో ఇంత బెల్లం నలుపుకున్నాను.

ఇంట్లోవాళ్లు చెప్పలేదు, సరే. నా నాలుక కూడా చెప్పలేదు. ఊరు వదిలి వచ్చినవాళ్లూ, మీ రుచి మారిందని మీకు ఎవరు చెప్పారు?