కేసెట్లో మేం వెతికిన తప్పులు

పాప ఇప్పుడే పడుకుంది. రాస్తేనైనా వరస కుదురుతుందేమోనని కూర్చున్నాను. ఏది ముందో ఏది వెనకో నాకే కలిసిపోతోంది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి మా ఇంట్లో అద్దెకు తెచ్చిన వీడియో కేసెట్ ఒకటుంది. షాపు మూసేశారు, అది మా దగ్గరే ఉండిపోయింది. ఇంగ్లీషు కామెడీ. ఒక మంగలి లిఫ్టు ఎక్కి మీట నొక్కితే అది వేరే గ్రహంలో ఆగుతుంది. అక్కడివాళ్ళు ఆకుపచ్చగా ఉంటారు, ఒక్కరికీ తలమీద జుట్టుండదు. వాళ్ళు కనబడితేనే పాప అన్నం తినేది. అందుకని రోజూ అదే సినిమా.

చూసి చూసి మా ఆయనా నేనూ అందులో తప్పులు పట్టడం మొదలెట్టాం. ఓడినవాళ్ళు టీ పెట్టాలి. ఒక ఆకుపచ్చవాడి చేతికి వాచీ ఉంది. ఇసుకలో కెమెరా నీడ పడింది.

"మంగలి కోటుతో గుహలోకి వెళ్ళాడు. మరుక్షణం కోటు లేదు, జుట్టు రేగిపోయింది. ఈ తప్పు నేను పట్టింది," అన్నాను.

మా ఆయన నవ్వారు. "తప్పు కాదే. గుహలో హీరోయిన్ ఉంది. ఇక్కడ ముద్దులు కోసేసి కదా కేసెట్లు ఇస్తారు. మధ్యలోది మనకి పోయింది. వెళ్ళి టీ పెట్టు."

కింది వాటాలో ఉండే కడప అక్క కూడా చూసేది. రుమైథియాలో ఆమె పనిచేసిన ఇంటి యజమానురాలు, అక్క 'మామా' అని పిలిచే ఆవిడ, సౌదీకి పారిపోయింది.

"పచ్చోళ్ళు వాచీ కట్టుకోకూడదా? మీకెందుకంత కుళ్ళు?" అనేది.

మనవాళ్ళని బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తున్నారని తెలిసింది. నా పాస్‌పోర్టూ పాపదీ ఇంట్లోనే ఉన్నాయి. మా ఆయనది మాత్రం, అందరిదీ ఉన్నట్టే, పనికి పిలిపించిన కువైటీ యజమాని, కఫీల్ దగ్గరుంది. ఆ కఫీల్ దేశంలో లేడు. దజీజ్‌లో అతని ఆఫీసుకి తాళం.

మా బస్సు తెల్లారితే ఉందనగా, ఏమైనా సరే పాస్‌పోర్టు తెస్తానని మా ఆయన గళ్ళ చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం దాటినా రాలేదు. దారిలో సైనికులు బండ్లు ఆపి మగవాళ్ళని దింపేస్తున్నారని వింటున్నాం.

అక్క పైకి వచ్చింది. "నీ మొగుణ్ణి అర్దియాలో రొట్టెల కొట్టుకాడ సూసినా. తెల్ల సొక్కాలో ఉండాడు."

"గళ్ళ చొక్కా కదక్కా వేసుకెళ్ళింది."

"నాకు కండ్లు లేవా?"

బీరువా తీసి చూశాను. తెల్ల చొక్కాలు రెండూ లోపలే ఉన్నాయి. అక్క ఎవరినో చూసింది. అలాగైతే ఈయన ఎక్కడ? లేక గళ్ళ చొక్కా వేసుకున్నది నిన్ననా? పొద్దున నేను సరిగా చూశానా?

పొద్దు వాలాక వచ్చారు, ఒంటిమీద తెల్ల బనీనుతో. సంచీ లేక రొట్టెలు గళ్ళ చొక్కాలో మూటగట్టి తెచ్చారు.

"తెల్లదే గదా," అంది అక్క.

ఆఫీసు తలుపులు విరగ్గొట్టి ఉన్నాయట. పాస్‌పోర్టులున్న పెట్టె కూడా లేదట. "మీరిద్దరూ వెళ్ళండి. నేనేదో కాగితం సంపాదించుకుని వస్తాను," అన్నారు. వెళ్ళాం.

నేనూ పాపా ఇప్పుడు మా పుట్టింట్లో ఉన్నాం. అప్పట్నుంచి కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఇక్కడికి వచ్చి, ఆయన్ని చూశామంటున్నారు. ఒకరు అమ్మాన్‌లో అన్నారు. నిన్నొకతను బాగ్దాద్‌లో చూశానన్నాడు, గడ్డం పెంచారట. మా ఆయన నీళ్ళు లేకపోయినా రోజూ గీసుకునే మనిషి.

"వేరేవాళ్ళని చూసుంటాడమ్మా," అన్నారు నాన్న.

గడ్డం ఎంతుందని అడిగాను. అతను దవడ కింద వేలు పెట్టి ఇంత అని చూపించాడు. అంత పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. బ్లేడు కూడా దొరకని చోట ఉన్నారనుకుంటే అది ఆయనే. అలా అనుకోవడం మంచిదో కాదో తేల్చుకోలేకపోతున్నాను.