పలకపొడి అతుకు

మా ఆయన అన్నను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనిషి చెడ్డవాడా అంటే, తనకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోని మనిషి ఎంత చెడ్డవాడో అంత చెడ్డవాడు. ఆయన్ను నేను బావా అని పిలవాలి, పిలుస్తాను కూడా. ఆ పిలుపులో ఉండాల్సిన చనువు మాత్రం మా మధ్య ఎన్నడూ లేదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో కంభం చెరువు ఎండిపోయింది. మా అత్తగారిది చేపలు పట్టే ఇల్లు. నీళ్ళు లేక ఫైబర్ పడవను కట్ట పక్కన బోర్లించి, అన్నదమ్ములిద్దరూ కూలికి పోయారు. ఎండకు పడవ పైపూత బీటలిచ్చింది. అడుగున ఒకచోట అరచేయంత మేర ఫైబర్‌లోని గాజు నార విడిపోయి చిల్లు పడింది. కొన్నేళ్ళకు ఒక వానాకాలం చివర చెరువు నిండింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఆ పడవ ఎక్కేది మా ఆయన. బావ ఒడ్డున ఉండి పెత్తనం చేసే మనిషి, నడి చెరువుకు పోడు. మా ఆయనకు ఈత వచ్చు. వల కాళ్ళకు చుట్టుకుంటే ఈత ఏం చేస్తుంది?

నాకు ఆ అతుకుల పని తెలుసు. నా పుట్టిల్లు మార్కాపురం. తర్లుపాడు రోడ్డు మీద మా నాయనకు ఫైబర్ తలుపులు పోసే షెడ్డు ఉండేది. ఫైబర్ పోసే రెజిన్ జిగురు వాసనలోనే పెరిగాను, అన్నంలో కూడా అదే వాసన వచ్చేది. కొత్త తలుపు పోయడానికి మామూలు రెజిన్ చాలు. పాత ఫైబర్‌కు, అందులోనూ నీళ్ళలో నానేదానికి అతుకు వేయాలంటే ఎపాక్సీ అనే జిగురు అయితేనే గట్టిగా పట్టుకుంటుంది. ఏది వాడినా ముందు పాత పూత గీరాలి, గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, చుక్క తడి లేకుండా ఆరనివ్వాలి. గట్టిపరిచే మందు కొలత ప్రకారం కలపాలి. మామూలు రెజిన్‌లో అది ఎక్కువైతే మన ఎండకు డబ్బాలోనే పొగలు కక్కి గడ్డకడుతుంది, తక్కువైతే ఎన్నాళ్ళున్నా లోపలి జిగట పోదు. ఇదంతా మా నాయన తిట్టి తిట్టి నేర్పిందే.

బావ కూడా మార్కాపురమే వెళ్ళాడు, కానీ పలకరాయి కోసే పనివాళ్ళ దగ్గరికి. రాళ్ళ పగుళ్ళు పూడ్చే రెజిన్, ఎవరో వాడి వదిలేస్తే బెల్లం పాకంలా చిక్కబడిన డబ్బా పట్టుకొచ్చాడు. దానితో పాటు ఒక గోతం పలకపొడి.

"ఈ పొడి కలిపి మెత్తితే రాయి అయితాది," అన్నాడు.

"పడవ నీళ్ళ మీద వంగుతాది బావా. రాయి వంగదు, పగుల్తాది. ఎపాక్సీ తెప్పిద్దాం."

"మీ నాయన తలుపులు పోసినాడమ్మా. తలుపుకూ పడవకూ పోలికేంది? ఆడదానివి, పడవ జోలికి రాబాక. చెయ్యి కూడా ఎయ్యబాక."

అదీ సంగతి. ఆ ఇంట్లో ఆడది పడవను తాకకూడదు, తాకితే చేప పడదట. పట్టిన చేపను తోమేది మేమే, అమ్మేది మేమే, వండిపెట్టేది మేమే. అప్పుడు లేని దోషం పడవ దగ్గరే ఎక్కడినుంచి ఊడిపడుతుందో! మా ఆయనతో చెప్పాను. "అన్న చూసుకుంటాడులే," అన్నాడు. నోట్లో నాలుక లేని మొగుణ్ణి కట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

దూరంగా కూర్చుని అంతా చూశాను. గీరింది లేదు, రుద్దింది లేదు. కిరసనాయిలు గుడ్డతో పడవను తళతళలాడేలా తుడిచాడు. మావాళ్ళకు ఏ మురికికైనా కిరసనాయిలే మందు. జిడ్డు మీద జిగురు ఏం పట్టుకుంటుంది, నా తలకాయ! చిల్లు మీద గాజు నార పరిచి, రెజిన్‌లో పలకపొడి దోసెపిండిలా కలిపి మెత్తాడు. ఎండకు తొందరగా గడ్డకడుతుందని భయపడి గట్టిపరిచే మందు మాత్రం ఏవో నాలుగు చుక్కలు విదిలించాడు. పైన నీలిరంగు పూశాడు. పైన పటారం, లోన లొటారం అని మా అవ్వ ఊరికే అనలేదు.

మర్నాడు పొద్దున పూజ. పడవను అడుగు కనబడేలా కట్ట వాలుకు ఒరగబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించారు. మా ఆయన వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. బావ కొబ్బరికాయ ఎత్తాడు. ఇంక నావల్ల కాలేదు. కాయ కొట్టడానికి పెట్టిన రాయి అందుకుని ఆ నీలిరంగు అతుకు మీద బలంకొద్దీ ఒక్క దెబ్బ వేశాను.

"అయ్యో, కొంప ముంచిందిరా!" అని అత్త గుండెలు బాదుకుంది.

బావ చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు. "శుభమా అని పూజ చేస్తా ఉంటే పడవ పగలగొడ్తావా, దరిద్రపుదానా?"

"కొట్టు బావా, కొట్టు! ముందు ఆ అతుకు చూసి కొట్టు!" అని అరిచాను.

మా ఆయన మా ఇద్దరి మధ్యకు రాలేదు. పడవ దగ్గరికి పోయాడు. అతుకు అంచు లేచి ఉంది. వేళ్ళు పెట్టి లాగాడు. పెనం మీది రొట్టెలా మొత్తం ఊడి చేతికొచ్చింది. దాని అడుగు ఇంకా జిగటగానే ఉంది. చిల్లు ఎట్లున్నదో అట్లే ఉంది. ఆయన అందులో చెయ్యి దూర్చి చూశాడు.

"అన్నా," అన్నాడు, "నీ కొడుకును ఎక్కియ్యాల్సి వచ్చినా ఇట్లనే అతికేవాడివా?"

బావ కొబ్బరికాయ అక్కడే పారేసి వెళ్ళిపోయాడు.

మా నాయనతో ఎపాక్సీ తెప్పించి, ఊరంతా చూస్తుండగా నేనే గీరాను, నేనే రుద్దాను, నేనే అతికాను. ఆడది తాకిన పడవకు చేపలు పడ్డాయి కూడా. ఆ రోజు నుంచి బావ నా చేతి మంచినీళ్ళు ముట్టలేదు, పెళ్ళిళ్ళలో ఎదురుపడినా మొహం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. నా చేతి నీళ్ళు తాగడానికి మా ఆయన ఉన్నాడు.