బింగిల్ అంటే ఎంత దెబ్బ

ఆస్ట్రేలియాలో మేముండే పేట దగ్గర, పెండిల్ హిల్‌లో ఒక శనివారం కూరగాయలు కొని, కారు వెనక్కి తీస్తూ పార్కింగ్‌లోని పొట్టి సిమెంటు స్తంభాన్ని కొట్టాను. దిగి చూస్తే వెనక తలుపు కింద ఇడ్లీ పట్టేంత సొట్ట. ఇంట్లో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను. మా ఆఫీసులో ఆస్ట్రేలియా వాళ్లు ఇలాంటివాటిని నవ్వుతూ ‘బింగిల్’ అంటారు. వినడానికి ఏదో గాజుల చప్పుడులా ఉంటుంది. మెత్తగా ఉందని ఆ మాటే వాడాను.

“ఏమండీ, చిన్న బింగిల్ అయింది.”

“బ్యాంగిలా? ఎక్కడ దొరికింది?”

“దొరకలేదండీ, తగిలింది. స్తంభం.”

“స్తంభం వచ్చి తగిలిందా?” అన్నారు.

ఇంటికి వెళ్లేసరికి డ్రైవ్‌వేలో నిలబడి ఉన్నారు. కారు వెనక గొంతుక్కూర్చుని సొట్ట చుట్టూ వేలు తిప్పి చూశారు. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి, ఏదైనా వర్గీకరించకుండా వదలరు.

“దీన్ని బింగిల్ అనరు. మచ్చ పడకపోతే బంప్. పెయింట్ గీసుకుంటే స్క్రేప్. రేకు ఇంత లోపలికి పోయిందంటే ప్రాంగ్.”

గుమ్మంలోంచి మా అమ్మాయి, “ఇట్స్ జస్ట్ ఎ డింగ్, డాడ్,” అని లోపలికి వెళ్లిపోయింది.

“మనకి ఇన్ని లేవు. సొట్ట అంటే సరిపోతుంది,” అన్నాను.

“సొట్ట కారుకి పడింది. నువ్వు చేసిన పనిని గుద్దడం అంటారు.”

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. తగిలింది అంటే తప్పు ఎవరిదీ కాదు. గుద్దావు అంటే మొత్తం నాదే. బింగిల్ అన్నప్పుడు నాకు కావలసింది ఆ మొదటిదేనని అప్పుడు తెలిసింది.

కొన్ని వారాల తర్వాత, చెత్త బండి వచ్చే రోజు పొద్దున మా ఆయన కారు వెనక్కి తీస్తూ మా డబ్బాని కొట్టారు. చక్రాల డబ్బా కదా, పల్లానికి దొర్లుకుంటూ పోయి పక్కింటావిడ లెటర్‌బాక్స్ మీద పడింది. అది గుంజతో సహా పక్కకి ఒరిగిపోయింది. ఆయన లోపలికొచ్చి, “బిన్‌కి కాస్త రాసుకుంది,” అన్నారు. ‘గుద్దారు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనకపోవడం అంత సులువుగా ఏమీ జరగలేదు.

ఇద్దరం పక్కింటికి వెళ్లాం. ఆవిడ ఒంటరిగా ఉండే పెద్దావిడ. మా ఆయన గొంతు సవరించుకుని, “దేర్ వాజ్ ఎ స్లైట్ కాంటాక్ట్,” అని మొదలుపెట్టారు.

ఆవిడ ఆయన భుజం మీదుగా లెటర్‌బాక్స్‌ని చూసింది. “యూ మీన్ యూ హిట్ ఇట్, లవ్,” అంది నెమ్మదిగా, ‘నాయనా’ అన్నట్టుగా.

“యెస్,” అన్నారాయన. “ఐ హిట్ ఇట్.” ఆ మాట అనేశాక ఆయన ముఖం తేటపడింది.

ఆ వారాంతం పార పట్టుకుని గొయ్యి తవ్వారు. నేను గుంజ పట్టుకుంటే ఆయన సిమెంటు పోశారు. ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంది, సినిమా చూస్తున్నట్టు.

పని అయ్యాక మా ఆయన చేతులు కడుక్కుంటూ, “నిటారుగా ఉందా?” అని అడిగారు.

కొంచెం ఎడమకి వాలింది. సిమెంటు అప్పటికే గట్టిపడుతోంది.

“ఉందండీ,” అన్నాను.