పేరు గట్టిగా చదవాలి

"మరియా రివేరా లోపెస్!" అని బల్ల దగ్గరి అమ్మాయి గొంతెత్తి చదివింది. హోండురాస్ కొండల మధ్య ఒక చిన్న బడి, ఓట్లు పడుతున్న గది. వరసలోంచి ఒక ముసలామె చెయ్యెత్తి ఏదో అంది. భాష రాకపోయినా ఆమె అన్నదేమిటో నాకు తెలుసు. "ఆఁ, నేనే" అంది. తలుపు పక్క కుర్చీలో ఉన్న నాకు ఒళ్లు జల్లుమంది. ఎన్నికలు చూడటానికి వచ్చిన విదేశీ అతిథుల్లో నేనొకదాన్ని. టీచరుగా రిటైరయ్యాక ఓటర్లకు సాయం చేసే ఒక సంస్థలో చేరితే వాళ్లు పంపించారు. చూడాలి, రాసుకోవాలి, నోరు మెదపకూడదు. మెదిపినా వినేదెవరు? తెలుగు మాట చెవిన పడి తొమ్మిది రోజులైంది. నా పేరు వీళ్లకు నోరు తిరగదు. అందరికీ నేను 'సెన్యోరా'నే, అంటే అమ్మగారినే. తొమ్మిది రోజులకే నాకు ఏడుపొస్తోంది. మా పెద్ద టీచర్ సొంత ఊళ్లోనే ఇలా పేరుతో పిలిచేవాళ్లు లేక జీవితమంతా బతికింది.

బొగ్గుగనుల ఊరు నస్పూర్‌లో, బడిలో నేను చేరేనాటికి ఆమె హెడ్మాస్టరు. భర్త బొగ్గుబాయిలో పోయాడు, పిల్లల్లేరు. పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ కూరగాయలమ్మే ఆమెకూ అందరికీ పెద్ద టీచరే. నా మొదటి ఎన్నికల డ్యూటీ ఆమె కిందే పడింది. జాబితాలో చూసి ఓటరు నెంబరూ పేరూ పార్టీల ఏజెంట్లకు వినపడేలా చదవడం నా పని. నాకేమో చచ్చేంత సిగ్గు. నేను గొణుగుతుంటే వెనక నుంచి, "ఏందే పిల్లా, నోరు తెరిస్తె ముత్యాలు రాల్తయా?" అంది. ఇంతలో ఒక ముసలామె వచ్చింది. నెంబరు చదివి, "రాజయ్య భార్య" అనేసి ఊరుకున్నాను. పెద్ద టీచర్ లేచొచ్చి, జాబితా మీద వేలు పెట్టి, "కొమురవ్వ!" అని గది అదిరేలా చదివింది. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని ముసలామె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత బోసినోటితో నవ్వింది. "ఆఁ, నేనే గద! గా పేరు నేనే మర్శిపోయిన బిడ్డా!" గదిలో అందరం నవ్వాం. పెద్ద టీచర్ మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక టిఫిన్ డబ్బా విప్పుతూ ఆ సంగతే ఎత్తింది. "గామెను ఇంట్ల అవ్వ అంటరు, వాడల రాజయ్య పెండ్లాం అంటరు. అయిదేండ్లకొక్కసారి ఆమె పేరు ఆమెకు ఇనవడ్తది. గది గూడ నువ్వు మింగితే ఎట్ల?" నేను ఊరుకోవచ్చు కదా, "మరి మీ పేరు ఎవలు సదువుతరు మేడం?" అని పరాచికమాడాను. ఆమె డబ్బా మూత పక్కన పెట్టింది. "నాకెప్పుడు డ్యూటీయేనాయె. పోస్టల్ బ్యాలెట్ పంపుడే. ఇన్నేండ్ల సంది మంది పేర్లు సదువుతున్న. ఇంట్ల పిలిసేటోళ్లు లేరు. రిటైరైనంక లైన్ల నిలబడి నా పేరు ఒక్కసారన్న ఇంట. గదొక్కటే ఆశ." ఆ తర్వాత ఏమీ అననట్టు అన్నంలో పప్పు కలుపుకుంది.

కొన్నేళ్లకు నేను బెల్లంపల్లికి బదిలీ అయ్యాను, ఆమె రిటైరైంది. ఆ తర్వాతి ఎన్నికల్లో నాకు నస్పూర్ డ్యూటీ పడింది, అదీ ఆమె ఓటున్న బూత్‌లోనే. పొద్దున్నే వచ్చింది. గంజి పెట్టిన చీర, చేతిలో స్లిప్పు. పెద్దవాళ్లను ముందుకు పంపిస్తున్నా వినకుండా లైన్లోనే నిలబడింది. బల్ల దగ్గరికి రాగానే నేను కుర్చీలోంచి లేచి దండం పెట్టాను. "నాలుగు వందల పన్నెండు, మా పెద్ద టీచరే!" అన్నాను గట్టిగా, మహా గొప్పగా. ఏజెంట్లూ ఆమె శిష్యులే, వాళ్లూ లేచి నమస్తే పెట్టారు. గురువును పేరు పెట్టి ఎలా పిలుస్తాం? ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడింది. "అంతేనా?" అంది. పని అయిపోయిందా అని అడుగుతోందనుకున్నాను. "అంతే మేడం, మీకింక ఎవ్వరు అడ్డం? పోండ్రి" అన్నాను. తలూపి, సిరా పెట్టించుకోవడానికి పక్క బల్లకు జరిగింది.

నా నోరు పడిపోను! సాయంత్రం జాబితాలు కట్ట కడుతుంటే ఆ టిఫిన్ డబ్బా మాట గుర్తొచ్చి నిలువునా నీరైపోయాను. ఫోన్ చేసి ఏమని చెప్పను? మళ్లీ ఎన్నికలొస్తాయి కదా, ఈసారి నేనే అడిగి ఆ బూత్‌కు వెళ్తాననుకున్నాను. అడిగితే ఇస్తారా, నా పిచ్చి గానీ. ఆ ఎన్నికలొచ్చేనాటికి ఆమె లేదు. అప్పటి నుంచి డ్యూటీ పడ్డ ప్రతిచోటా ప్రతి పేరూ గొంతు చించుకుని చదివాను. తోటివాళ్లు 'మైకు మేడం' అని నవ్వేవాళ్లు. ఎన్ని పేర్లు చదివితే మాత్రం ఆ ఒక్క పేరు బాకీ తీరుతుందా?

ఇప్పుడు ఈ ఓట్ల గదిలోంచి వరండాలోకి వచ్చి కళ్లు తుడుచుకుంటుంటే, మాకు మాటలు తర్జుమా చేసే దుబాసీ మార్తా వెనకే వచ్చింది. ఎవరు గుర్తొచ్చారని ఇంగ్లీషులో అడిగింది. మా పెద్ద టీచర్ అన్నాను. ఆమె పేరేంటి అంది. ఇన్నేళ్లలో ఆ పేరు నేను ఒక్కసారీ పలకలేదు. గొంతు సవరించుకుని, బూత్‌లో చదివినట్టే, వరండా అంతా వినపడేలా చదివాను.

"నాలుగు వందల పన్నెండు. గాజుల నర్సింగమ్మ!"

లైన్లో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. "ఆఁ, నేనే" అని మాత్రం ఎవరూ అనలేదు.