అమ్మ తోమిన చక్రాలు

మొన్న ఒక కుర్రాడు కారు తెచ్చి, ముఖం చూసుకునేంత మెరుస్తున్న అల్యూమినియం చక్రాలకు నల్లరంగు కొట్టమన్నాడు. ఇప్పుడదే ఫ్యాషనట. రంగు స్ప్రే డబ్బా చేతిలో పట్టుకున్నానే గాని చాలాసేపు నొక్కలేకపోయాను, అమ్మ గుర్తొచ్చింది.

రెండు వేల పన్నెండు, పదమూడు ప్రాంతంలో గరివిడిలో కూలిపని మానుకుని, గజపతినగరంలో రాయగడ రోడ్డు మీద మా మావ, అంటే అమ్మ తమ్ముడు, నడిపే షెడ్డులో చేరాను. పాత కార్ల చక్రాలు విప్పి, గరుకు నుంచి నునుపు దాకా వరసగా వాటర్ పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది, ఆఖర్న మోటారుకి తిరిగే గుడ్డచక్రంతో మెరుగు పెట్టడమే మా పని. మావకి చూపు మందగిస్తోంది. పాతపట్నం షావుకారు గారి కూతురి పెళ్లికారు నేనొక్కణ్నే చక్కగా చేసి పంపితే షెడ్డు నాకిస్తానని, లేకపోతే మోటారుతో సహా అమ్మేస్తానని చెప్పేశాడు. ఇంట్లో పిల్లలు, నాకా నలభై దాటాయి, ఇంకెక్కడికి పోతాను?

నాలుగు చక్రాలూ తళతళలాడించి బల్ల మీద పెట్టి, మర్నాడు పొద్దున్న టీ తాగి వచ్చేసరికి నాలుగూ నల్లబడి ఉన్నాయి. ఏ బండైనా మా షెడ్డు దాటేముందు అమ్మ చక్రాలకు పసుపు రాసి బొట్టు పెట్టేది. పెళ్లికూతురు ఎక్కే బండి కదా అని ఆ రోజు, దీపపు కుందులు తోమినట్టే, చింతపండూ పొయ్యిబూడిదా వేసి నాలుగింటినీ మనసుపెట్టి తోమి పెట్టింది! ఇత్తడిని మెరిపించే ఆ బూడిద అల్యూమినియాన్ని మాడిన గిన్నెలా నల్లగా చేసేసింది.

"అప్పా, ఏటి సేసీసినావు!" అని మావ తన అక్కని చూసి నెత్తి పట్టుకున్నాడు. నావైపు తిరిగి, "ఒరే, సూస్తావేటి? పేపరు తియ్యి, మద్దేనానికి ఆళ్లొచ్చేస్తారు," అన్నాడు.

మళ్లీ మొదటి నుంచీ రుద్దాను. నలుపు ఎంత లోతుకి దిగిందో తెలియదు, ఎక్కువ రుద్దితే అంచు పలచబడుతుందని భయం, ఫోను మోగితే షావుకారేనేమోనని ఎత్తలేదు. అమ్మ గుంజ పట్టుకుని ఏడుస్తూనే ఉంది. మూడు చక్రాలు తేరుకున్నాయి గాని నాలుగోదాని మీద అరచేతంత మచ్చ ఎంతకీ పోలేదు. చక్రాలు బిగించేసరికి రోడ్డు మీద హారన్ వినిపించింది.

"అప్పా, నీ పసుపు తే," అన్నాడు మావ.

అమ్మ ఆ మచ్చ మీదే మందంగా పసుపు మెత్తి కుంకం పెట్టింది, మిగతా మూడింటికీ అంతే పెద్ద బొట్లు పెట్టింది. షావుకారు గారు వచ్చి, సరిగ్గా ఆ చక్రానికే దణ్ణం పెట్టుకున్నారు. కారు వెళ్లిపోయాక ఆకాశం చూస్తే మబ్బు! వాన పడి పసుపు కడుక్కుపోతే నా బతుకేంగాను అని ఆ పెళ్లి అయ్యేదాకా అన్నం సహించలేదు. దేవుడి దయ, చినుకు పడలేదు. షెడ్డు నాదయింది.

అమ్మ మాత్రం ఆ తర్వాత షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయేది. పసుపు గిన్నె పట్టుకుని, "ముట్టుకోవచ్చేటిరా?" అని అడిగి గాని లోపలికొచ్చేది కాదు. పోయేదాకా అంతే.

కుర్రాడి చక్రాలకు చివరికి నల్లరంగు కొట్టాను. ఎంత బాగున్నాయో అని మురిసిపోయాడు. అమ్మ ఉంటే వాటిని చూసి, "మరి ఆవేళ నన్నెందుకురా అంతలా ఏడిపించినారు?" అని అడిగేది.